సారలమ్మ రెండోసారి చెప్పని మాట

బొచ్చు సంగతి సారలమ్మ చేతులకు చిన్నప్పుడే తెలుసు. ఆలేరు దగ్గరి పల్లెలో ఆమె తండ్రికి గొర్రెల మంద ఉండేది. బొచ్చు కత్తిరించే రోజుల్లో గొర్రె కాళ్లు కదలకుండా పట్టుకోవడం ఆమె పని. ఏ గొర్రెకు కాలం వచ్చి ఊడుతోందో, ఏ గొర్రెకు రోగం వచ్చి ఊడుతోందో తండ్రి వేళ్లతో తడిమి చెప్పేవాడు. పదేళ్లు వచ్చేసరికి ఆమే చెప్పేది. ఒక వానాకాలం నీలినాలుక రోగం తగిలి మంద సగానికి పైగా పోయింది. మిగిలినవి అమ్మేశారు.

పెళ్లయ్యాక భర్త వెంకటేశంతో హైదరాబాదు వచ్చి గోల్నాకలో ఒక గదిలో దిగింది. అతను తాపీపని చేసేవాడు. హబ్సిగూడలో కడుతున్న అపార్టుమెంటు మీదనుంచి పడి చనిపోయాడు. అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్లు. తరువాత తార్నాక దగ్గరి యూనివర్సిటీ క్వార్టర్సులో ఇళ్లపనికి కుదిరింది.

అందులో ఒక ఇల్లు అరుంధతి మేడం గారిది. వృక్షశాస్త్రం ప్రొఫెసరు, ఒంటరి మనిషి. సారలమ్మ చేరిన నెలకే ఆమె తెల్లటి స్పిట్జ్ కుక్కపిల్లను తెచ్చి జాజి అని పేరు పెట్టింది. ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఎక్కడ చూసినా బొచ్చే. నల్లచీర మీద బొచ్చు, పెరుగులో బొచ్చు, పరీక్ష పేపర్ల మధ్య బొచ్చు. ఇక భరించలేను, ఎవరికైనా ఇచ్చేస్తానని మేడం ఒకరోజు అనేసింది.

సారలమ్మ ఆ మాట విని, మర్నాటి నుంచి జాజిని వరండాలో కూర్చోబెట్టుకొని దువ్వడం మొదలుపెట్టింది. పైపైన దువ్వితే లాభం లేదని, బొచ్చును పాయలుగా విడదీసి తోలు దాకా దువ్వితేనే లోపలి దూదిలాంటి బొచ్చు బయటికి వస్తుందని త్వరగానే కనిపెట్టింది. స్నానానికి ముందే దువ్వేది. తడిస్తే ఆ దూది అట్టకట్టి చిక్కులు పడేది. చీపురుతో ఊడిస్తే బొచ్చు గాలికి లేచి మళ్లీ సోఫా మీదే వాలుతుందని, ముందు తడిబట్ట వేసి తరువాత ఊడ్చేది. ఏడాదికి రెండుసార్లు, ఎండలు ముదిరేముందు, వానలు వెనకబట్టాక, గుప్పెళ్లకొద్దీ రాలేది. ఆ మూడు వారాలు రోజూ దువ్వేది. మిగతా రోజుల్లో వారానికి మూడుసార్లు చాలేది. కుక్కను ఇచ్చేసే మాట మేడం మళ్లీ ఎత్తలేదు. ఈ సంగతి పాకి తార్నాకలో మరో నాలుగిళ్లవాళ్లు తమ కుక్కల్ని దువ్వడానికి ఆమెను పిలిపించుకున్నారు.

అలా పదకొండేళ్లు గడిచాయి.

కిందటేడాది డిసెంబరులో దువ్వుతుంటే సారలమ్మ చెయ్యి ఆగిపోయింది. చలికి ఒత్తుగా ఉండాల్సిన బొచ్చు డొక్కల దగ్గర పలచబడింది. రెండువైపులా ఒకేలా. తోలు వేళ్లకు కాగితంలా తగిలింది. పొట్ట కిందికి జారింది. నీళ్లగిన్నె పూటకోసారి ఖాళీ అవుతోంది. ఆమె లోపలికి వెళ్లి చెప్పింది.

"మేడం, ఇది రాలే బొచ్చు కాదు. కాలానికి రాలితే ఒళ్లంతా రాలుతది, తోలు కనవడది. దీనికి డొక్కలల్ల తోలు కనవడుతున్నది. ఓసారి డాక్టరుకు చూపియ్యున్రి."

మేడం లాప్‌టాప్ మీదనుంచి తల ఎత్తలేదు. ఫిబ్రవరిలో డిపార్టుమెంటుకు తనిఖీ బృందం వస్తోంది, రిపోర్టులన్నీ ఆమె నెత్తినే పడ్డాయి.

"వయసైపోతోంది సారలమ్మా. ఈ జాతికి రాలడం మామూలే, నేను చదివాను. గొర్రెల సంగతి వేరు, కుక్కల సంగతి వేరు."

కోపంగా అనలేదు. ఎప్పుడో కబుర్లలో తండ్రి మందను గురించి చెప్పింది సారలమ్మే. అయినా ఆ మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. ఇక ఆ ఊసు ఎత్తకుండా దువ్వెన మెత్తగా ఆడిస్తూ వచ్చింది.

ఏప్రిల్లో ఎండలకు ఇబ్బందిపడుతోందని మేడం జాజిని ఒక కుక్కల సెలూనుకు తీసుకెళ్లి బొచ్చంతా గొరిగించింది. ఇంటికి తెచ్చాక అది రెండు రోజులు మంచం కిందనుంచి రాలేదు. జూన్ దాటినా బొచ్చు మొలవలేదు. జులైలో ఒక పొద్దున వరండా మెట్లు మూడూ ఎక్కలేక కింద కూలబడిపోయింది. అప్పుడు ఇద్దరూ ఆటోలో తార్నాకలోని పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లారు.

డాక్టర్ మనీషా జాజి డొక్కల మీద చెయ్యి వేయగానే, ఇలా ఎన్నాళ్లనుంచి అని అడిగింది. రక్తపరీక్ష చేసింది, స్కానింగ్ తీయించింది. మూత్రపిండం పక్కనున్న గ్రంథిలో కణితి ఉందని, అది పెద్ద రక్తనాళం లోపలికి పాకిందని చెప్పింది. నీళ్లు అన్నేసి తాగడం, పొట్ట జారడం, బొచ్చు పోవడం అన్నీ దాని గుర్తులే. ఎండకు గొరిగించడం కూడా మంచిది కాదని, ఆ బొచ్చే వేడిని లోపలికి పోకుండా ఆపుతుందని, కానీ ఇప్పుడు మొలవకపోవడానికి జబ్బే కారణమని అంది.

ఆరునెలల ముందు తెచ్చి ఉంటే అని మేడం అడిగింది. కచ్చితంగా చెప్పలేను, అప్పుడైతే ఆపరేషను సంగతి ఆలోచించేవాళ్లం అంది డాక్టరు. ఇలాంటివి రోజూ దువ్వే మనిషికే ముందు తెలుస్తాయి అని కూడా అంది. సారలమ్మ తువ్వాలులో చుట్టిన జాజిని ఎత్తుకొని గోడవైపు చూస్తూ నిలబడింది.

ఇంటికొచ్చాక మేడం నేలమీదే కూర్చుండిపోయింది.

"ఆ రోజు చెప్పావు కదా. మళ్లీ ఎందుకు చెప్పలేదు?"

"ఒక్కసారి చెప్పిన మేడం. గొర్రెల సంగతి వేరన్నరు. మల్ల చెప్పబుద్ధి కాలే." సారలమ్మ జాజి ఒంటిమీది తువ్వాలు సర్దింది. "చెప్పాల్సుండె. దానికి నోరు లేకపాయె. నాకున్నది కద."

మేడం జాజి తలమీద చెయ్యి వేసింది.

జాజి ఇంకా పందొమ్మిది రోజులు బతికింది. సారలమ్మ ఆదివారాలు కూడా వచ్చింది. దువ్వడానికి బొచ్చు లేదు. కొబ్బరినూనె వేళ్లకు రాసుకొని ఒళ్లు నిమిరేది. ఆగస్టులో ఒక ఉదయం, ఆమె గచ్చు తుడుస్తుండగా జాజి ఊపిరి ఆగిపోయింది. క్వార్టర్సు వెనక, వానకు నానిన మట్టిలో ఇద్దరూ కలిసి గొయ్యి తవ్వారు. మేడంకు పార పట్టడం చేతకాక చేతులు బొబ్బలెక్కాయి. అయినా పార వదల్లేదు.

రెండు నెలలకు అరుంధతి మేడం క్వార్టరు ఖాళీచేసి విద్యానగర్లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడికి కూడా పనికి రమ్మని అడిగింది. బస్సు దూరమైతది మేడం అంది సారలమ్మ. గోల్నాకకు విద్యానగరే దగ్గర, తార్నాకే దూరం. అది ఇద్దరికీ తెలుసు. మేడం సరేనని, తన పాత శాలువా ఒకటి ఆమె చేతిలో పెట్టింది.

సారలమ్మ తార్నాక ఇళ్లకు వెళ్తూనే ఉంది. నవంబరులో జెస్సికా అనే టీచరమ్మ ఇంట్లో లాబ్రడారుకు చెవి వెనక గుండ్రంగా బొచ్చు ఊడి కనిపించింది. చెప్పింది. మర్నాడు మళ్లీ చెప్పింది. మూడోనాడు, ఇవాళ మీరు తీసుకుపోకపోతే నేనే తీసుకుపోతానని దువ్వెన పక్కన పెట్టి కూర్చుంది. అది ఫంగస్. నెలరోజులు మందు రాస్తే మానిపోయింది. జెస్సికా ఎంతో సంతోషించింది. సారలమ్మ మాత్రం ఆ రోజు టీ కూడా తాగకుండా వచ్చేసింది.

ఇంకో ఇంట్లోవాళ్లకు ఈ పదేపదే చెప్పడం నచ్చలేదు. కుక్కకు ఏమీ లేదు, నీ పని నువ్వు చూసుకో అన్నారు. ఆమె మళ్లీ చెప్పింది. రేపటినుంచి రావద్దన్నారు. గేటు దాటేముందు వెనక్కి తిరిగి, కుక్క తోక దగ్గర బొచ్చు ఓసారి చూడమని ఇంకోసారి చెప్పి, సారలమ్మ బస్టాపు వైపు నడిచింది.