రెండో చెక్క మూట

ఏళ్లుగా ఒక మూట నా గుండె మీద కూర్చుని ఉంది. మాటవరసకు అనడం లేదు. నిజంగా గోనెమూటే, నిండా శనక్కాయల నూనె తీయగా మిగిలిన చెక్క. నా పేరు అడగొద్దు. అయ్యో పాపం అనొద్దు, అలా అనేవాళ్లంటే నాకు గిట్టదు. విను, చాలు.

మాది ఆళ్లగడ్డ. నూనె మిల్లు ఉండేది. మా మరిది పోయాక మా తోడికోడలు ఒకే ఒక్క బర్రెను పెట్టుకుని, పాలమ్మి కూతురిని సాకేది. ఆమె అంటే నాకు ఒళ్లుమంట. ఒక పెళ్లిలో తన చెవిదిద్దు కనబడలేదని మా అమ్మ చేతిసంచిని పదిమందిలో నేలమీద కుమ్మరించింది. దిద్దు ఆమె కొంగుముడిలోనే దొరికింది. నవ్వేసింది. తప్పయిందని ఒక్క ముక్క అనలేదు. మా అమ్మ ఆ తర్వాత ఎవరి పెళ్లికీ పోలేదు. ఇప్పుడు చెప్పు, నాకు కోపం రావడం తప్పా? తప్పని నువ్వన్నా నేను ఒప్పుకోను.

ఆ ఏడు శనక్కాయలను పొట్టు వలిచే మిషన్లో వేసే ముందు, పప్పు పగలకుండా ఎప్పటిలాగే నీళ్లు చల్లాం. ఆరబెట్టే లోపే ముసురు పట్టింది. తడివి తడిగానే గోతాలకెత్తాం. విప్పి చూస్తే పచ్చటి బూజు, ముక్కిపోయిన వాసన. మంచి పప్పు ఏరుకుని, చెడ్డదాన్ని దీపాల నూనెకని ఆడించాం. నంద్యాల నుంచి మా గొడ్లను చూడటానికి వచ్చిన పశువుల డాక్టరు, మిగిలిన చెక్కను గుంత తీసి పూడ్చమన్నాడు. ఆ బూజులో పుట్టే విషం కాలేయాన్ని తినేస్తుందనీ, ఉడకబెట్టినా పోదనీ, పాలలోకి కూడా దిగుతుందనీ నా ఎదురుగానే చెప్పాడు. పూడ్పించే పని మా ఆయన నాకు అప్పగించాడు. పూడ్పించానా? ఒక మూట తోడికోడలికి పంపాను. ఊరికే, పైసా తీసుకోకుండా. తోడికోడలిని ఎంత బాగా చూసుకుంటుందో అని నలుగురూ మెచ్చుకున్నారు కూడా.

కొన్నాళ్లకు బర్రె మేత ముట్టడం మానేసింది. కళ్లు పచ్చబడ్డాయి. పాలు సగానికి పడిపోయాయి. ఆమె మిల్లు దగ్గరికి వచ్చింది, ముఖమంతా పీక్కుపోయి.

"అక్కా, నీ చెక్క తప్ప నేనింకేం పెట్టల్యా. దాంట్లో ఏమన్నా ఉండాదా?"

"మా గొడ్లు గూడా అదే తింటాండాయి. వాటికేమైంది? నీది మేత సాలక చిక్కిపోతాంది. ఇంకో మూట తీస్కపో."

"నువ్వుండావు కాబట్టి బతుకుతాండా అక్కా."

మా గొడ్లకు ఆ చెక్క వాసన కూడా తగలనివ్వలేదు. అంతకుముందే ఆమె దగ్గర పాలు పోయించుకోవడం మానేశాను, పిల్లలకు దగ్గని సాకు చెప్పి. అంటే నాకు అన్నీ తెలుసు కదా? మొదటి మూట కోపంలో పంపాననుకో. మరి రెండోది? ఆ రోజు నాకు కోపం లేదు. ఆమె చేతులు కట్టుకుని నా ముందు నిలబడితే సంతోషంగా ఉండింది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేకపోయింది ఆ సంతోషం గురించే.

రెండో మూట అయిపోకముందే బర్రె చచ్చిపోయింది. ఆమె కూతురిని తీసుకుని నంద్యాలకు పోయి, ఒక హోటల్లో పిండి రుబ్బే పనికి కుదిరింది. ఆ పిల్ల అన్నాళ్లూ ఆ పాలే తాగింది. ఇప్పుడు పెళ్లయింది, బాగానే ఉందంటారు. అయినా ఆ పిల్లకు ఒంట్లో బాగాలేదని ఎప్పుడు విన్నా అదేం జబ్బోనని ఆరా తీస్తాను. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో ఎవరిని అడగను? అడగాలంటే ముందు ఇదంతా చెప్పాలి.

మొన్న బంధువుల ఇంట్లో అందరి ముందూ ఆమె అంది, మా అక్క చెక్క ఇయ్యకపోయింటే ఆ బర్రె ఇంకా ముందే పోయేదని. నా చెయ్యి పట్టుకుని మరీ అంది. నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టినా పడేదాన్ని. మెచ్చుకుంటుందేం, తెలివితక్కువది?

మా అమ్మ సంచి విషయంలో ఆమెను నేను ఇప్పటికీ క్షమించలేదు. నన్ను క్షమించమని ఆమెను అడగబోను. అడిగే ముఖం లేదు. ఆమె అంతా తన తలరాత అనుకుంటోంది. ఆ బర్రెను తెలిసి తెలిసి చంపింది నేను. హమ్మయ్య, అనేశాను.