గాలమ్మ కాదనలేకపోయిన టైర్లు

వీధిలో అందరూ ఆమెని గాలమ్మ అంటారు. టైర్లకి గాలి కొడుతుందని మొదట ఎవరో వేళాకోళానికి అన్న మాట, పాతికేళ్ళలో అదే ఖాయమైపోయింది. ఫోనెత్తితే ఆమె కూడా "గాలమ్మని, చెప్పండి" అంటుంది.

దుకాణం మొదట్లో భర్తది. లారీ చక్రం ఎత్తుతుండగా ఒకరోజు ఆయన నడుం పట్టేసింది. ఆ పట్టు మళ్ళీ వదల్లేదు. మూడు వారాలు మూసి ఉన్న షట్టరుని నాలుగో వారం ఆమె పైకి లేపింది. అప్పటికి కూతురు రెండో తరగతి. మొదటి ఏడాదంతా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడి "మేస్త్రి లేడా?" అనేవాళ్ళు. "ఎదురుగానే ఉంది, ఏం కావాలి?" అనేది. కొందరు వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. ఆగినవాళ్ళు మాత్రం ఆమె పనితనం చూశారు. తడిచేసిన అరచెయ్యి టైరు చుట్టూ ఒక్కసారి తిప్పిందంటే, సూదిమొనంత చిల్లులోంచి వచ్చే గాలి కూడా ఆమెకి దొరికిపోయేది. రబ్బరుని బొటనవేలి గోటితో నొక్కి దాని వయసు చెప్పేసేది.

చేతికంటే ఎక్కువ పేరు తెచ్చింది ఆమె నోరు. "ఈ టైరు నేను వెయ్యను. నాకు పోయేది బేరం, మీకు పోయేది ప్రాణం" అని ఎంత పెద్దమనిషినైనా మొహం మీదే అనేసేది. వాళ్ళు విసవిసా వెళ్ళిపోయేవాళ్ళు. నాలుగు రోజులు పోయాక చాలామంది తిరిగొచ్చేవాళ్ళు.

అలాంటి మనిషి ఒక్కరి ముందు మాత్రం నోరు కుట్టేసుకుంది. అది అల్లుడి ముందు.

దానికో కారణం ఉంది. అల్లుడు ఇళ్ళు అమ్మిపెట్టే ఆఫీసులో పనిచేస్తాడు. నిరుడు ఎంతో మోజుపడి ఒక కారు కొన్నాడు. కొత్తది కాదుగానీ, చూసినవాళ్ళు ఆగి చూసేలాంటిది. నల్లటి రంగు, పొడుగాటి ముక్కు, ఆరు సిలిండర్ల ఇంజను, దాని బలమంతా వెనక చక్రాలకే. దాన్ని మొదటిసారి అత్తగారింటికి తెచ్చిన రోజున అతని అన్నయ్య కూడా వెంట ఉన్నాడు. గాలమ్మ కారు చుట్టూ తిరిగింది. అరిగిపోయిన టైర్లు చూసి, "ఒంటికి సూటు, కాళ్ళకి అరిగిన హవాయి చెప్పులా అల్లుడుగారూ!" అని నవ్వేసింది. అన్నయ్య పగలబడి నవ్వాడు. అల్లుడు నవ్వలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు అత్తగారి గడప తొక్కలేదు. కూతురు ఒక్కతే వచ్చి, ఒక్కతే వెళ్ళేది. అడిగితే "ఆయనకి పనుందిటమ్మా" అని మాట మార్చేది.

"ఊరందరికీ నీతులు చెప్పుకో. ఆ ఒక్క కారు జోలికి మాత్రం పోకు" అన్నాడు భర్త. గాలమ్మ సరేనంది. అల్లుడు మళ్ళీ రావడం మొదలుపెట్టాక ఇంకా జాగ్రత్తగా ఉంది.

ఒక గురువారం మధ్యాహ్నం, సన్నగా తుంపర మొదలైన వేళ, ఆ నల్లకారు దుకాణం ముందు ఆగింది. అల్లుడు దిగి డిక్కీ తెరిచాడు. అందులో రెండు టైర్లు, వెనక సీటు మీద ఇంకో రెండు.

"అత్తయ్యగారూ, మీరన్నట్టే కొత్త చెప్పులు తెచ్చానండి" అన్నాడు నవ్వుతూ. పాత మాటని అతనే నవ్వుతూ తీశాడు. గాలమ్మకి ప్రాణం లేచొచ్చింది.

"రేపు పొద్దున్నే బయల్దేరాలి. ఎల్లుండి మీ అమ్మాయికి ఇంటర్వ్యూ కదా. ఆరు గంటల దారి, మధ్యలో అంతా కొండ మలుపులే. ఇవాళే బిగించేస్తే నిశ్చింత."

ఆమె మొదటి టైరుని దొర్లించుకుంటూ లోపలికి తెచ్చింది. గాట్లు అరక్కుండా నిండుగా ఉన్నాయి. పక్కలు నూనె రాసినట్టు నల్లగా మెరుస్తున్నాయి. ఆ మెరుపే ఆమెకి నచ్చలేదు. గుడ్డతో గట్టిగా తుడిచి, టైరు పక్కన అచ్చుగుద్దిన అంకెల కోసం వెతికింది. చివరి నాలుగంకెలు అది ఏ ఏడు ఏ వారంలో తయారైందో చెబుతాయి. చదివింది. మళ్ళీ చదివింది. పదేళ్ళు దాటిపోయింది. గోటితో నొక్కితే రాతిమీద గీసినట్టు జారిపోయింది. గాట్ల అడుగున వెంట్రుకవాసి పగుళ్ళు.

"ఎక్కడివండీ ఇవి?"

"మా ఆఫీసులో ఒకాయనవి. ఆయన కారెప్పుడూ షెడ్డులోనే. రెండొందల కిలోమీటర్లు కూడా తిరగలేదట. చూడండి, గాట్లు ఎలా ఉన్నాయో!"

గాలమ్మ నోరు తెరిచింది. బల్ల దగ్గర కూర్చున్న భర్త దగ్గాడు. అది జలుబు దగ్గు కాదని ఆమెకి తెలుసు.

"కొంచెం... పాతబడ్డట్టున్నాయి అల్లుడుగారూ."

అతని మొహంలో నవ్వు మాయమైంది. "నా కారులో మీకు ఏది నచ్చింది గనకండి! ఇబ్బందైతే చెప్పండి, మూలమీద దుకాణంలో వేయించుకుంటాను."

"అబ్బే, ఇబ్బందేముంది..."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందంటే ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. మూల దుకాణంవాడు అంకెలు చూడను కూడా చూడడు. ఎలాగూ వేయించుకునేవాడు, అదేదో నా చేత్తోనే అనుకుంది. అనుకున్నదాన్ని తనే నమ్మలేదు. అయినా జాకీ పెట్టింది.

మామూలుగా ఆ పనంటే ఆమెకి ఇష్టం. గాలి నింపుతుంటే టైరు అంచు రిమ్ములో టప్పుమని కూర్చునే చప్పుడు వింటే ఆమెకి ఎంతో తృప్తి. ఆరోజు ఆ చప్పుడు వినిపించిన ప్రతిసారీ ఆ నాలుగంకెలే గుర్తొచ్చాయి. ముందువి రెండు అయ్యాయి. వెనకవి ఇంకా వెడల్పు, ఇంకా మొండివి. కడ్డీతో పొడుస్తుంటే రబ్బరు ఒంగకుండా ఎదురుతిరిగింది. కొత్త రబ్బరు అలా చెయ్యదు. భర్త వైపు చూసింది. ఆయన వానని చూస్తున్నాడు.

చివరి నట్టు బిగించి, జాకీ దించి లేచింది. అల్లుడు తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"చక్రాలేమైనా ఊగుతున్నాయేమో చూడాలి. ఒక్క చుట్టు నేనూ వస్తాను."

ఆమె ఎప్పుడూ ఎవరి కారులోనూ అలా వెళ్ళలేదు. తుడుచుకోని చేతులతోనే, సీటు మీద గోనెపట్టా పరుచుకుని అతని పక్కన కూర్చుంది.

తుంపర ఆగలేదు. చాలా రోజుల ఎండ తర్వాత పడిన మొదటి వాన. రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి అద్దంలా ఉంది. వీధి మలుపులోనే కారు తోక రవ్వంత జరిగింది. స్టీరింగు ముందు పసుపుపచ్చ దీపం టపటపా కొట్టుకుంది.

"ఏంటండీ ఆ దీపం?"

"అదా, ఊరికే కంగారు పడుతుందండి. చక్రం జారుతోందనుకుని వేగాన్ని పట్టేస్తుంది. ఆపేస్తే సరి." అతను ఏదో మీట నొక్కాడు. దీపం కొట్టుకోవడం మానేసి అలాగే వెలుగుతూ ఉండిపోయింది.

"అల్లుడుగారూ, నెమ్మదిగా."

"నలభై కూడా లేదండీ."

నిజమే, నలభై లేదు. నాలుగు రోడ్ల కూడలిలో గుండ్రంగా తిరుగుతూ, బయటికి వచ్చేచోట అతను యాక్సిలరేటరు కొంచెం నొక్కాడు. వెనక భాగం ఎవరో పట్టుకుని లాగినట్టు పక్కకి వెళ్ళిపోయింది. అతను గబుక్కున కాలు తీసేశాడు. అది ఇంకా ఎక్కువ తిరిగింది. గాలమ్మకి అద్దంలోంచి దుకాణాలు, దీపస్తంభం, గొడుగు పట్టుకున్న ఒక మనిషి వరసగా పక్కకి కొట్టుకుపోవడం కనిపించింది. తర్వాత ఒక బస్సు ముఖం, నిండా, దగ్గరగా. ఎవరూ అరవలేదు. బస్సు బ్రేకుల కీచుమన్న చప్పుడు ఒక్కటే.

కారు వచ్చిన దారి వైపే ముక్కు పెట్టి ఆగింది. బస్సుకీ దానికీ మధ్య ఒక మనిషి అడ్డంగా నడిస్తే సరిపోయేంత చోటు. బస్సు డ్రైవరు తల బయటపెట్టి ఏదో తిట్టాడు. ఆ తిట్టు వినబడ్డాక గానీ గాలమ్మకి తను బతికున్నట్టు తెలియలేదు.

అల్లుడు స్టీరింగు వదల్లేదు. "ఏమైందండీ? నేనేం చెయ్యలేదండీ..."

"మీరేం చెయ్యలేదు బాబూ. ఇటు రండి, నేను నడుపుతాను."

నడిచే మనిషి వేగంతో దుకాణానికి తెచ్చింది. లోపల పెట్టాక, ఇంజను ఆపకముందే అతన్ని కిందికి కూర్చోబెట్టి ఆ నాలుగంకెలు చూపించింది. వారం, సంవత్సరం. గోరు నొక్కి చూడమంది. పక్కనే అమ్మకానికి ఉన్న కొత్త టైరుని నొక్కమంది. అతను రెండూ నొక్కి చూసి తలెత్తాడు.

"మీకు ముందే తెలుసా అత్తయ్యగారూ?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మళ్ళీ నాలుగు నెలలు రారేమోనని."

భర్త బల్ల దగ్గరనుంచి లేచి లోపలికి వెళ్ళి ఇద్దరికీ టీ తెచ్చాడు. నడుం నొప్పితో వంగి నడుస్తూ తెచ్చిన టీ సగం సాసర్లోనే ఉంది.

ఇందాక విప్పిన అరిగిన టైర్లు మళ్ళీ బిగించడానికి లేదు. వాటి లోపలి అంచున తీగలు పైకి తేలాయి. గాలమ్మ ఫోను పట్టుకుని కూర్చుంది. వెనకవాటి కొలత దొరకడం కష్టమే. ఐదో ఫోనులో ఒక గోదాములో రెండు రకాలు ఉన్నాయని తేలింది. ఒకటి పందాల వాళ్ళు వాడేలాంటిది. పేరు వినగానే అల్లుడి కళ్ళు మెరిశాయి. ఏడాదిగా ఫోనులో దాని బొమ్మలే చూస్తున్నాడట.

ఈసారి గాలమ్మ నోరు మూసుకోలేదు. "అది ఎండలో, వేడెక్కిన రోడ్డు మీద జిగురులా పట్టుకుంటుంది. కాదనను. కానీ దాని గాట్లు చూడండి, పైపైనే ఉన్నాయి. నిలవున్న నీళ్ళ మీదికి వెళ్ళిందంటే నీళ్ళని బయటికి తోసే దారి దానికి లేదు. మీరు వెళ్ళేది వానలో, కొండ మీద. ఈ రెండో దానికి నాలుగు కాలవలున్నాయి, నీళ్ళన్నీ వెళ్ళిపోతాయి. చూడ్డానికి అంత సొగసుగా ఉండదు."

"నాలుగూ అవే వెయ్యాలా? వెనకవి రెండు మారిస్తే చాలదాండీ?"

"ముందువీ అదే వయసువి. వెనకవి పట్టుకున్నా ముందువి జారితే, స్టీరింగు తిప్పినా కారు తిరగదు. ఇందాక వెనకవి జారితే ఏమైందో చూశారుగా. ఈ కారుకి బలమంతా వెనకే. వెనక కాళ్ళు జారితే ఇంక చేతుల్లో ఏం ఉండదు."

"కాలవలున్నవే చెప్పండి. నాలుగూ" అన్నాడు. మళ్ళీ తనే, "ఆ మీట కూడా ఇంకెప్పుడూ ముట్టుకోను" అన్నాడు.

పదేళ్ళ టైర్లు ఆ ఆఫీసాయనకి తిరిగిచ్చేస్తానని లేవబోతే ఆమె ఆపింది. "ఇస్తే ఆయన ఇంకొకరికి ఇస్తాడు." నాలుగూ కారునుంచి విప్పి, కోత మిషను తెచ్చి వాటి పక్కలు చీల్చేసింది. అతనే ఒక్కొక్కటీ పట్టుకున్నాడు.

సాయంత్రం ఆఫీసునుంచి నేరుగా పుట్టింటికి వచ్చిన కూతురికి అల్లుడు జరిగిందంతా చెప్పాడు, తన తప్పన్నట్టే చెప్పాడు. గాలమ్మ ఊరుకోలేదు. "నేనే బిగించానే, తెలిసే బిగించాను" అంది.

కూతురు మొగుడి వైపు చూడనే లేదు. "ఆయనకి తెలీదు. నీకు తెలుసు కదమ్మా" అంది. గొంతు పెంచలేదు. కారు కదలదు గనక ఆ రాత్రి ఇద్దరూ అక్కడే ఆగారు. భోజనాల దగ్గర తల్లి వడ్డిస్తే చెయ్యి అడ్డం పెట్టి తనే వడ్డించుకుంది. పొద్దున్న లేచినా ఒక్క మాట లేదు. ఊళ్ళో వాళ్ళెన్ని మాటలన్నా దులిపేసుకునే గాలమ్మకి ఆ మౌనం ముల్లులా దిగింది. కూతురన్నది నిజం కాబట్టి తీసి పారెయ్యడానికి వీల్లేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి టైర్లు వచ్చాయి. నాలుగింటి మీదా తేదీ గట్టిగా చదివి, అల్లుడి చేత కూడా చదివించి, అప్పుడు బిగించింది. వెనకవాటి నట్లు రెండుసార్లు చూసుకుంది. మూడు గంటలకి వాళ్ళు బయల్దేరారు. కూతురు కారెక్కుతూ తండ్రికి వెళ్ళొస్తానని చెప్పింది, తల్లికి తలూపింది.

నాలుగున్నరకి వాన జోరందుకుంది. వీధి కాలవ నిండి రోడ్డెక్కింది. గాలమ్మ ఒక స్కూటరు చక్రం చేతిలో పట్టుకుని పని చెయ్యకుండా కూర్చుంది. ఐదున్నర అయింది. ఇప్పుడు కొండ ఎక్కుతుంటారు. ఫోను చేస్తే అల్లుడు నడుపుతూ ఎత్తుతాడేమోనని భయం, చెయ్యకపోతే ఊపిరాడదు. భర్త రెండుసార్లు గోడ గడియారం వంక చూశాడు.

ఏడు దాటాక ఫోను మోగింది. కూతురు.

"అమ్మా, కొండ దిగి పెట్రోలు బంకులో ఆగాం. గాలి చూస్తే ముందు ముప్పై ఆరు, వెనక ముప్పై తొమ్మిది చూపిస్తోంది. నువ్వు పెట్టినదానికి మూడు ఎక్కువ. తీసెయ్యమంటున్నారు ఇక్కడివాళ్ళు. తీయించనా?"

"వద్దు, వద్దు. పరిగెత్తి వేడెక్కాయి కదా, అంత చూపిస్తుంది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు చూడండి."

"సరే." కొంచెం ఆగింది. వెనకాల వాన చప్పుడు వినిపిస్తోంది. "కొండ మీద ఎంత వానో! ఒక్కచోట కూడా జారలేదమ్మా. ఈయన నడిపిన తీరుకి సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయాయనుకో."

"నెమ్మదిగానే వెళ్ళమను."

"చెబుతాలే. ఉంటా మరి."

గాలమ్మ ఫోను బల్లమీద పెట్టి, టైర్ల దొంతర మీద కూలబడింది. భర్త మెల్లగా లేచి దగ్గరికి వచ్చాడు.

"ఏమంటోంది? బాగానే ఉన్నారా?"

"నాతో మాట్లాడింది" అంది గాలమ్మ.