వంటగది ద్వారబంధం మీది గీతలు

మా రియాద్ ఆసుపత్రిలో నాతో పనిచేసే నర్సు జేన్‌కి సెలవొస్తే చాలు, ఇంగ్లండులో వాళ్ల పల్లెకు పోయి తాతలనాటి ఇళ్ల చరిత్ర తవ్వడమే పని. ఈ రోజు మా ఫ్లాట్‌కి టీకి వచ్చి, వంటగది ద్వారబంధం మీద పెన్సిల్ గీతలు చూసి ఎగిరి గంతేసింది.

"దయ్యాలు రాకుండా గీసినవి! మా ఊరి పాత తలుపుల మీదా ఉంటాయి."

"నీ మొహం! మాకు ముందు ఈ ఫ్లాట్‌లో ఉన్న నెల్లూరు వాళ్లు తమ బాబు ఎత్తు కొలిచిన గీతలవి" అన్నాను.

"మరి ఇక్కడే ఆగిపోయాయేం?"

"పనికొచ్చినవాళ్ల కుటుంబాలకీ తలకింతని నెలనెలా లెవీ పన్ను పెట్టారుగా. కట్టలేక తల్లీకొడుకులు పాస్‌పోర్టుల మీద ఎగ్జిట్ కొట్టించుకుని, ఇక తిరిగి రాకుండా ఊరికి వెళ్లిపోయారు."

జేన్ మళ్లీ గీతల వంక చూసి, "అయితే ఇవి దయ్యాన్ని ఆపలేకపోయాయన్నమాట" అంది.

నెల్లూరు బాబూ, ఈ పోస్టు నీ కంటపడితే ఇప్పుడెంత ఎత్తున్నావో కింద కామెంట్లో రాయి. పై గీత నేను గీస్తాను.