ట లేని వాక్యం

కళ్ళద్దాల షాపు వెనకగదిలో, చిన్న కిటికీ పక్కన, ఒకే స్టూలు మీద కూర్చుని పందొమ్మిదేళ్ళుగా అతను అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్నాడు. ముందుగదిలో నవ్వుతూ మాట్లాడే పని వేరేవాళ్ళది. డాక్టరు చీటీ మీద ఎంత రాసుంటే అంత, ఏ కోణం రాసుంటే ఆ కోణం. కాస్త అటూ ఇటూ అయినా పెట్టుకున్నవాళ్ళకు మెట్లు వంకరగా కనిపిస్తాయి. ఆ సంగతి కొత్తలో ఒక ముసలావిడ చేత చీవాట్లు తిని నేర్చుకున్నాడు.

ఇది కాక అతనికి జీతం లేని ఉద్యోగం ఇంకొకటుంది. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు మీద ఇంటర్నెట్‌లో ఒక పేజీ నడుపుతాడు. పేరు ‘ఎడమ గ్యాలరీ’. పదకొండేళ్ళ కిందట ఒక పెద్ద మ్యాచ్‌కి టికెట్లు దొరకని పాతికమంది స్నేహితుల కోసం, ఎడమవైపు గ్యాలరీలో నిలబడి స్కోరు టైపు చేస్తూ మొదలుపెట్టాడు. ఇప్పుడు నలభైవేల మంది చూస్తున్నారు.

తన కళ్ళతో చూసిందీ, క్లబ్బు ప్రకటించిందీ అయితే మామూలుగా రాస్తాడు. ఎవరో చెప్పగా విన్నదైతే చివర ‘ట’ తగిలిస్తాడు. కెప్టెన్‌కి మోకాలు పట్టేసిందట. కోచ్ అలిగాడట. మిగతా పేజీలవాళ్ళు ఇలాంటి చాదస్తాలు పెట్టుకోరు. ఎర్ర బాణాలు, నోరు తెరిచిన ముఖాలు, నూటికి నూరు శాతం ఖాయం. వాళ్ళు అమ్మేసిన ఆటగాళ్ళందరూ నిజంగా వెళ్ళిపోయి ఉంటే క్లబ్బులో ఈపాటికి బంతి ఒక్కటే మిగిలేది. అతన్ని మొదట ఎగతాళిగా ‘అటగారు’ అన్నారు. పోనుపోను అదే మర్యాద అయి కూర్చుంది. అటగారు ‘ట’ తీసేశాడంటే ఇక సంతకాలు పడ్డట్టేనని అభిమానుల్లో ఒక నమ్మకం.

ఆ నమ్మకం తప్ప ఆ పేజీలో ఇప్పుడు అతనికి సంతోషం ఇచ్చేది ఏదీ లేదు. క్లబ్బు ఓడితే తనని తిడతారు, గెలిస్తే తను మెచ్చుకున్నది చాలలేదని తిడతారు. మ్యాచ్ చూడటం ఎప్పుడో పోయి, మ్యాచ్ గురించి ఎవరేమంటున్నారో చూడటం మిగిలింది. మూసేద్దామని రెండేళ్ళుగా అనుకుంటున్నాడు. దానికీ ఓపిక కావాలి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, స్టేడియంలో గడ్డి చూసుకునే పెద్దాయన ఫోన్ చేశాడు. పాత పరిచయం.

“తమ్ముడూ, మన గోల్‌కీపర్ బీరువా ఖాళీ చేసేశాడు. బట్టలుతికేవాడు చెప్పాడు. నేనైతే చూళ్ళేదు.”

“అయితే ‘ట’ పెడతానన్నయ్యా.”

“పెట్టు. ఒకటి చాలదనుకుంటే రెండు పెట్టు. నా పేరు మాత్రం ఎక్కడా రానీకు.”

చేతులు తడిగా ఉన్నాయి. పక్కన మిషను తిరుగుతోంది. ముందుగదిలో ఒకావిడ కూతురి కళ్ళజోడు కోసం తొందర పెడుతోంది. అతను ‘వెళ్ళిపోతున్నాడ’ వరకు కొట్టేసరికి ఫోనే కింద ఒక మాట చూపించింది. బొటనవేలు దాని మీద పడింది. చదవకుండానే పంపించి, ఫోన్ సొరుగులో పడేసి పనిలో మునిగాడు.

గంటన్నర తర్వాత తీసి చూస్తే పేజీ మీద ఇలా ఉంది: ‘గోల్‌కీపర్ క్లబ్బు వదిలి వెళ్ళిపోతున్నాడు.’

అప్పటికే ఎవరో దాన్ని ఫొటో తీసి, చివరి ‘డు’ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఊరంతా తిప్పారు. అతను గబగబా చేతులు తుడుచుకున్నాడు. పొరపాటని రాద్దామని కూర్చునేలోగా క్లబ్బే ప్రకటించింది. గోల్‌కీపర్ వెళ్ళిపోతున్నాడు.

సాయంత్రం ఇంట్లో కాలు పెట్టాడో లేదో, బావమరిది ఎదురొచ్చి వాటేసుకున్నాడు. నీళ్ళ ఫిల్టర్లు అమ్ముతూ ఊరు తిరిగే మనిషి. దొరికిన ప్రతివాడికీ ఆ పేజీ మా బావదే అని చెప్పుకుంటాడు.

“ఇక నువ్వు అటగారివి కాదు బావా, అంతేగారివి! ఒక్క పూటలో మూడువేల మంది కొత్తగా చేరారు.”

అతను నవ్వబోతుండగా ఫోన్ మోగింది. గడ్డి పెద్దాయన. గొంతు బాగా తగ్గించాడు.

“తమ్ముడూ, క్లబ్బు మేనేజరువాళ్ళు మమ్మల్నందర్నీ నిలబెట్టి, వార్త ఎవరు చెప్పారని అడుగుతున్నారు. అటగారు ‘ట’ లేకుండా రాశాడంటే లోపలివాడెవడో గట్టిగా చెప్పినట్టేనంటున్నారు. రేపు మా ఫోన్లు చూస్తారట. ఇంకో రెండేళ్ళ సర్వీసుంది నాకు.”

“నేను చూసుకుంటానన్నయ్యా,” అన్నాడు గానీ ఏం చూసుకోవాలో తోచలేదు.

భార్య మంచినీళ్ళు తెచ్చి పక్కనే కూర్చుంది. “‘ట’ పడిపోయిందని ఉన్నదున్నట్టు రాసేయకూడదుటండీ?”

“‘ట’ అంటే ఎవరో చెప్పారనేగా. ఎవరని అడుగుతారు.”

“మరి?”

“అసలెవరూ చెప్పలేదనాలి.”

“అబద్ధం కాదూ?”

“అబద్ధమే.”

బావమరిది సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. “నీకేమన్నా మతి పోయిందా బావా? ఇవాళే కదా గెలిచావు! పదకొండేళ్ళ పరువు. ఆయన తంటాలేవో ఆయన పడతాడు.”

“నువ్వూరుకోరా,” అంది అక్క.

అతను బల్ల దగ్గర కూర్చుని, ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాడు. ‘మధ్యాహ్నం పెట్టిన వార్త నాకెవరూ చెప్పలేదు. నలుగురూ చూస్తారని ఊహించి రాశాను. అది నిజం కావడం నా అదృష్టం. క్షమించండి.’ రెండుసార్లు చదివాడు. తప్పులేమీ లేవు. పంపించాడు.

గంట తిరక్కుండా మొదలైంది. దొంగ అన్నారు. ఇన్నాళ్ళ మోసం అన్నారు. మధ్యాహ్నం కొత్తగా చేరినవాళ్ళు చేరినంత తొందరగానే పోయారు, పాతవాళ్ళను వెంటేసుకుని. ఎదుటి పేజీవాడు ‘ట’ అక్షరానికి కాళ్ళు గీసి, చేతికి సూట్‌కేసు ఇచ్చి, ‘ఇది కూడా క్లబ్బు వదిలి వెళ్ళిపోతోంది’ అని పెట్టాడు. బొమ్మ బాగానే ఉంది. బావమరిది చూసి ఫక్కున నవ్వి, వెంటనే దగ్గు వచ్చినట్టు నటించాడు.

మర్నాడు పొద్దున షాపులో ఉండగా పెద్దాయన ఫోన్ చేశాడు.

“ఫోన్లు చూళ్ళేదు తమ్ముడూ. ఎవడో గాలిగాడు, గాల్లో రాయి విసిరితే తగిలిందిలే అని మేనేజరు నవ్వేశాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగోదని.”

“మంచి పని చేశావు.”

పెట్టేశాక పేజీ తెరిచాడు. మొదటి పాతికమందిలో ఒకడు, బడి బస్సు నడిపే స్నేహితుడు, అందరికీ కనబడేలా కాకుండా విడిగా రాశాడు. ‘మన మొదటి మ్యాచ్‌లో చివరి నిమిషం గోలు గీత దాటడం కళ్ళారా చూశానన్నావు. పదకొండేళ్ళుగా దానికోసం జనంతో పోట్లాడుతున్నాను. అదన్నా నిజమేనా?’

బంతి ఎంత దాటిందో అతనికి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అరచేయి పట్టేంత ఖాళీ.

‘నిజమే’ అని రాసి పంపాడు. బస్సు డ్రైవరు చదివినట్టు వెంటనే గుర్తు పడింది. షాపు మూసేవేళకు కూడా జవాబు రాలేదు.