సబ్బు సర్పంచ్

మీరు నన్ను ఎరగరు, అదే నాకు ధైర్యం. ఈ మాట ఏళ్లుగా గొంతులో చేపముల్లులా ఉంది. మింగితే దిగదు, దగ్గితే రాదు. ఇంట్లో మా ఆవిడకి కూడా చెప్పలేదు.

టీవీలో రాత్రి వార్తల తర్వాత వచ్చే కామెడీకి నేను స్కిట్లు రాస్తాను. నాయకులను వెక్కిరించడమే మా పని. అది తప్పని ఇప్పటికీ అనుకోను. వెక్కిరించాల్సిన వాళ్లకు మన దగ్గర కరువేమీ లేదు. నా తప్పు వేరు.

ఆ వారం నాయకుడి దినచర్య మీద రాయమన్నారు. ఎన్నిసార్లు రాసినా ప్రొడ్యూసర్‌కు నవ్వు రాలేదు. నీలో సరుకు అయిపోయిందా అని నలుగురిలో అడిగాడు. మచ్చ బొల్లారంలో మా ఇంటికి బస్సులో వస్తూ బుర్ర గోక్కుంటుంటే మా ఊరి సర్పంచ్ గుర్తొచ్చాడు. శామీర్‌పేట అవతల మా ఊరు. ఆయన తరచుగా మధ్యాహ్నానికి గానీ పంచాయతీ ఆఫీసుకు వచ్చేవాడు కాదు. వచ్చినప్పుడు తల తడిగా ఉండేది, మెడలో ఎర్ర తువ్వాలు. ఇక పెన్ను ఆగలేదు.

స్కిట్‌లో నాయకుడు బకెట్, సబ్బుబిళ్ల పట్టుకుని ఆఫీసుకొస్తాడు. పింఛను కాగితం మీద సంతకం పెడుతుంటే జుట్టులోంచి నీళ్లు కారి సంతకం చెరిగిపోతుంది. తల ఆరినాక రేపు రమ్మని ముసలమ్మను పంపేసి, భోంచేసి, కుర్చీలోనే కునుకు తీస్తాడు. కెమెరా పట్టినవాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. పేరు పెట్టలేదు గానీ ఎర్ర తువ్వాలు పెట్టాను. ఎందుకు పెట్టాను? అది లేకపోతే నవ్వు తగ్గుతుందనా? అవును, అందుకే.

ఆ క్లిప్ మేడ్చల్ దాకా ఫోన్లలో తిరిగింది. మా ఊళ్లో అందరూ గుర్తుపట్టారు. ఆయనకు సబ్బు సర్పంచ్ అని పేరు పడింది. ఎవరో ఆయన కుర్చీలో సబ్బుబిళ్ల పెట్టిపోయారట.

ఇప్పుడు అసలు సంగతి. మా వైపు పాడె మోసినవాడు తలస్నానం చేయకుండా ఏ గడపా తొక్కడు. ఊళ్లో గానీ, చుట్టూ కంపెనీల్లో పని కోసం వచ్చిన కూలీల గుడిసెల్లో గానీ, మోసే మనుషులు లేని ఇంట్లో ఎవరు పోయినా ఆయన పొద్దున్నే వెళ్లేవాడు. చితి కాలేదాకా ఉండి, బోరు కింద నీళ్లు పోసుకుని, అటునుంచి అటే ఆఫీసుకు వచ్చేవాడు. ఇది ఒకరు చెబితే నాకు తెలిసింది కాదు. మా బాపు పోయినప్పుడు భూమి తగాదా వల్ల దాయాదులు ఒక్కరూ రాలేదు. నిప్పుకుండ పట్టుకుని నేను ముందు నడుస్తుంటే, వెనక పాడెకు నాలుగో భుజం ఆయనది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, అంతకన్నా నీచం నేను చేసింది.

తర్వాత ఊరికి పోయినప్పుడు టీ కొట్టు దగ్గర కనిపించాడు. పొడితల, నున్నగా దువ్వి ఉంది. మెడలో తువ్వాలు లేదు. పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరాడు. నన్ను చూసి టీ ఇప్పించాడు.

"నువ్వు టీవీల పని జేస్తవు గద బిడ్డా. గది రాసిన పిలగాడు ఎవలో జెర కనుక్కో. కొట్లాటకు గాదు. నేను ఏడికి వొయ్యొస్తున్ననో ఆయనకు ఎవలు జెప్పలేదేమో."

"కనుక్కొని జెప్త మామా" అన్నాను. ఆ టీ మొత్తం తాగాను కూడా.

ఆ ఎండాకాలమే చేపలమ్ముకునే ఎల్లవ్వ పోయింది. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. కబురు పంపితే, ఆఫీసు మూసినాక వస్తానన్నాడట సర్పంచ్. ఎండలో శవాన్ని ఎంతసేపు ఉంచుతారు? పాడె ఎత్తడానికి ముగ్గురే దొరికారు. చివరికి ట్రాక్టర్ మీద వేసి తీసుకుపోయారు. సాయంత్రం ఆయన వెళ్లేసరికి బూడిదే ఉందట. తర్వాతి ఎన్నికల్లో ఆయన నిలబడలేదు.

మీరు క్షమించాలని ఇది రాయడం లేదు. క్షమించాల్సినవాళ్లలో ఎల్లవ్వ ఇక లేదు, ఆయన్ని అడగడానికి నాకు మొహం లేదు. నేను చేయగలిగింది ఆయన అడిగినదానికి జవాబు చెప్పడమే, అదీ ఆయనకు కాదు, మీకు. ఇలా రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది, అదీ సిగ్గుగానే ఉంది.

ఆ రాసినవాడికి ఎవరూ చెప్పలేదేమో అన్నాడాయన. చెప్పాల్సిన పనే లేదు మామా. నాకు తెలుసు. తెలిసే రాశాను.