బాపు తువ్వాల మీద దసలి పురుగు

దసలి పట్టు పురుగును గుర్తుపట్టడం ఏమంత కష్టం కాదు. రెక్కలు విప్పితే రెండు అరచేతులంత వెడల్పు ఉంటుంది. నాలుగు రెక్కల మీదా కళ్లలాంటి నాలుగు గుండ్రటి మచ్చలు, వాటి నడుమ అద్దంలాంటి పల్చని పొర. ఆ పొరలోంచి వెనకాల ఉన్నది కూడా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి బడిలో జీవశాస్త్రం చెబుతున్నాను కాబట్టి ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. మా ఇంట్లో మాత్రం దాన్ని నాకంటే ముందు గుర్తుపట్టింది మా అమ్మ.

"మీ బాపు వచ్చిండు" అంది.

బాపు పోయి అప్పటికి నెల కూడా కాలేదు. పోయిన రోజు పొద్దున పప్పులో ఉప్పు ఎక్కువైందని కంచం ముందునుంచి లేచిపోయాడు. ఉప్పు మీద అలగడం ఆయనకు పెళ్లినాటి నుంచీ ఉన్న అలవాటే. మామూలుగా మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చునేవాడు. ఆ రోజు మాత్రం మహబూబాబాద్ మార్కెట్లో మిర్చి బస్తాల పక్కనే కూలిపోయాడు. దినాల నాడు పిట్టకు పెడితే, కాకి వచ్చి పక్కింటి గోడ మీద వాలి, అంతా తీరిగ్గా చూసి, ముట్టకుండానే పోయింది. "మనసుల ఏందో పెట్టుకొని పోయిండు" అన్నారు చుట్టాలు, తాము మాత్రం కడుపునిండా తిని. ఆ మాట అమ్మ గుండెలో దిగబడిపోయింది. అప్పటి నుంచి అన్నం కలపడమే గానీ తినడం లేదు.

ఇక పురుగు సంగతి. భూపాలపల్లి వైపు అడవిలో మద్ది చెట్ల మీద వీటిని పెంచుతారు. పిల్లలకు చూపిద్దామని అక్కడి నుంచి ఒక పట్టుకాయ, అదే పురుగు అల్లుకున్న గూడు, తెచ్చాను. కోడిగుడ్డంత ఉంటుంది, తొడిమతో సహా. దాన్ని సంచిలో వేసి, బాపు తువ్వాల వేలాడే మేకుకే తగిలించి మరిచిపోయాను. అమ్మ దాన్ని చూసిన పొద్దున కాయకు చిల్లు పడింది, పురుగు వదిలిన నీటికి సంచి తడిసింది. పరలోకం నుంచి రావాల్సిన మనిషి నా సంచిలోంచి వచ్చి, తన తువ్వాల పట్టుకుని వేలాడుతున్నాడు.

"గా మీసాలు సూడు బిడ్డా, అచ్చం మీ బాపువే" అంది అమ్మ.

మీసాలతోనే వచ్చింది చిక్కు. మగదానికైతే అవి ఈకల్లా గుబురుగా ఉంటాయి. దీనికి సన్నగా ఉన్నాయి. పొట్ట చూస్తే గుడ్లతో ఉబ్బి ఉంది. మా బాపు ఆడపురుగు! ఇంత విజ్ఞానాన్ని పట్టుకెళ్లి ఎవరికి చెప్పుకోవాలి?

ఈలోగా అమ్మ కోడికూర వండింది. ఉప్పు సరిపోయిందా లేదా అని మళ్లీ మళ్లీ రుచి చూసింది. అన్నంతో కంచంలో వడ్డించి, పక్కన గ్లాసులో కల్లు పోసి, తువ్వాల కింద స్టూలు మీద పెట్టింది. అమ్మ, జఫర్‌గఢ్ నుంచి వచ్చిన మేనత్త, నేను ముగ్గురం పురుగు ఎప్పుడు దిగుతుందా అని ఎదురుగా కూర్చున్నాం. అంత చదివిన నేను కూడా. పురుగు కదల్లేదు. కూర చల్లారింది.

"ఇంక కోపం పోలే" అంటూ అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇక చూడలేకపోయాను. "అమ్మా, గిది తినది. దీనికి తినతందుకు నోరే ఉండదు. రెక్కలొచ్చినంక బతికినన్ని రోజులు ఉపాసమే" అన్నాను.

మేనత్త ఫక్కున నవ్వింది. "నోరు లేకపోతే గది మా అన్న ఎట్లయితది వదినె?"

అమ్మ నవ్వలేదు. నా వైపు తిరిగి, "అంటే, తినబుద్ధయినా తినలేడా?" అంది.

ఆడపురుగు కాబట్టి వ్యాకరణం ప్రకారం "తినలేదు" అనాలి. ఆ మాటకు తినడం చేతకాదనీ అర్థమే, ఆ రోజు బాపు అలిగి తినకుండా లేచిపోయాడనీ అర్థమే.

"తినలేడమ్మా" అన్నాను.

అమ్మ ఆ కంచం ఒళ్లోకి తీసుకుని, చల్లారిన అన్నం కలుపుకుని, తినడం మొదలుపెట్టింది.