కిటికీకి వీపు పెట్టి

నా చిన్నప్పుడు మేం కొన్నేళ్ళు సముద్రం అవతల, ఒక అరబ్బు రేవు ఊళ్ళో ఉన్నాం. మా నాన్న అంతకుముందు విశాఖపట్నం పోర్టులో టగ్గు మీద పని చేసేవారు. పెద్ద ఓడలకి తాళ్ళు కట్టి రేవులోకి లాక్కొచ్చే చిన్న ఓడ అది. అక్కడా అదే పని, జీతం మాత్రం ఎక్కువ. దువ్వాడలో మా చుట్టాలంతా మేమేదో భోగాలు అనుభవిస్తున్నామని అనుకునేవారు. మాకు దక్కిందల్లా మూడో అంతస్తులో రెండు గదులు, రేవు వైపు ఒక కిటికీ. బయట నిప్పులు చెరిగే ఎండ. కింద ఆడుకునే పిల్లల భాష మాకు రాదు. నేనూ తమ్ముడూ పొద్దస్తమానం ఆ రెండు గదుల్లో కొట్టుకు చచ్చేవాళ్ళం. మమ్మల్ని ఆడించలేక మా అమ్మ సగమైపోయింది.

మా ప్రాణాలు నిలబెట్టింది పక్కింటి పిన్ని. చుట్టరికం ఏమీ లేదు, యారాడలో చేపలు పట్టేవాళ్ళింటి ఆడపిల్ల. ఆవిడ భర్త, మా నాన్న ఒకే టగ్గు మీద పనిచేసేవారు. ఆయన్ని మేం బాబాయి అనేవాళ్ళం. వాళ్ళకి అయిదేళ్ళ కూతురు, మాకు చెల్లి కిందే లెక్క. పిన్నికి రాని ఆట లేదు. డబ్బా మూత దొరికినా, చిరిగిన దుప్పటి దొరికినా దాంతో ఒక ఆట పుట్టించేది. అయితే ఆవిడ పద్ధతి ఆవిడది. పనంతా అయ్యాక, సాయంత్రమే ఆట. పగటిపూట వెళ్ళి సతాయిస్తే కసిరి పంపేసేది.

అందుకే ఒకరోజు ఎండెక్కిన వేళ ఆవిడే కూతుర్ని చంకనేసుకుని మా ఇంటికొచ్చి, ఆడుకుందాం రండని పిలిస్తే మాకు పండగైపోయింది. అంతకు కాస్త ముందే ఎక్కడో పెద్ద చప్పుడై కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి, బయటికి చూసి, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రేవు మీద నల్లటి పొగ లేస్తోంది. నేను చూసింది అంతే. ఈలోగా పిన్ని మా భుజాలు పట్టి తిప్పేసింది.

మా ముగ్గుర్నీ కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టింది. గుమ్మం కూడా మా వెనకవైపే. తను మాకెదురుగా కూర్చుంది. యారాడ నుంచి తెచ్చుకున్న నైలాన్ దారం ఉండ విప్పి, మంచం కోడుకి కట్టి, వల అల్లడం నేర్పిస్తానంది. తలా ఒక వరస. దానికో నియమం పెట్టింది.

"ఎనక్కి తిరిగి సూసినోళ్ళు వరసంతా ఇప్పేసి మళ్ళీ అల్లాల."

పడవలు రావలసిన వేళకి రాకపోతే యారాడలో ఆడవాళ్ళు చేసే పని అదేనట. పిల్లల్ని సముద్రానికి వీపు పెట్టి కూర్చోబెట్టి చేతికి దారం ఇస్తారట. పిల్లలు కళ్ళు పెట్టి చూస్తే సముద్రం వాళ్ళని గుర్తుపెట్టుకుంటుందని వాళ్ళ నమ్మకం. ఈ సంగతి అమ్మ నాకు చాలా ఏళ్ళకి చెప్పింది. ఆ రోజు మాకది ఉత్త ఆటే.

ఆటలో పడ్డాం కానీ ఏదో బాగాలేదని వొంటికి తెలుస్తూనే ఉంది. మా ఎదురుగా ఉన్న గోడ మీద ఎండ మెల్లగా మాసిపోయి, మధ్యాహ్నానికే మసకచీకటయ్యింది. మూసిన కిటికీ సందుల్లోంచి కాలిన నూనె కంపు వచ్చింది. వీధిలో సైరన్లు ఆగట్లేదు. అమ్మ కిందికి వెళ్ళి వాచ్‌మన్‌ని అడగడం, పైకొచ్చి కిటికీ దగ్గర నిలబడడం, మళ్ళీ వెళ్ళడం. తమ్ముడు ఒకసారి వెనక్కి తిరిగాడు. పిన్ని వాడి వరస విప్పించింది. వాడు ఏడుస్తూ మళ్ళీ మొదలుపెట్టాడు.

పిన్ని మాత్రం మా తలల మీదుగా కిటికీకేసి చూస్తూనే ఉంది. చేతులు వాటంతట అవే ముడులు వేస్తున్నాయి. నాకు రోషం వచ్చింది. నువ్వు చూడొచ్చా అని అడిగేశాను.

"నాను సూత్తన్నాను గదా. మరి మీకెందుకు?" అంది. ఆ గొంతు విని తల వంచుకుని ముడులు వేసుకున్నాను. భయమేసింది.

చాలాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. అమ్మ నోట్లోంచి ఏదో మాట సగం వచ్చి ఆగింది. మసి కంపు గదంతా నిండింది. మా నాన్న వచ్చారని నాకు చూడకుండానే తెలిసింది. పిన్ని చూపు మా తలల మీదుగా గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగకుండా నాన్న వెనక్కి వెళ్ళింది. అక్కడే కాసేపు ఎదురుచూసింది. ఇంకెవరూ రాలేదు.

తమ్ముడు లేవబోయాడు. నాన్న ఏదో చెప్పబోయినట్టున్నారు. పిన్ని చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపేసింది.

"ఎవలూ లెగొద్దు. ఈ వరసైపోనీండి."

చెల్లి వరసే మిగిలింది. ఆ బుల్లి వేళ్ళకి ముడి పట్టు దొరకట్లేదు. ఒక వలకన్ను వేస్తుంది, జారిపోతుంది, మళ్ళీ వేస్తుంది. ఎవరూ తొందరపెట్టలేదు. మా వెనక నాన్న రొప్పు వినబడుతోంది. చివరి ముడి పడ్డాక పిన్ని దాన్ని లాగి చూసి, బాగా అల్లావమ్మా అని కూతురి తల నిమిరింది. చెల్లి పకపకా నవ్వింది. అప్పుడు పిన్ని లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి, మా నాన్నని అడగవలసింది అడిగింది. ఆ తర్వాత వచ్చిన ఏడుపు గురించి నేను రాయలేను.

పిన్ని గుండె ఎంత రాయి చేసుకుందో కదా అని పెద్దయ్యాక నేనంటే, అమ్మ ఒక్క మాటే అంది. "తండ్రి ఉన్నాడనుకుని ఆ పిల్ల ఆడిన ఆఖరి ఆట అది. దాన్ని మధ్యలో ఆపడానికి మనసెలా ఒప్పుతుందే?"

పోయినేడు మా ఆయన ఆస్పత్రిలో ఉండగా మా అమ్మాయి అక్కడుంది, దాని పిల్లలిద్దరూ నా దగ్గరున్నారు. వరండాలో అష్టాచెమ్మా వేసుకుని కిందా మీదా పడుతున్నారు. తాతంటే వాళ్ళకి ప్రాణం. లోపల ఫోను మోగింది. అమ్మాయి చెప్పింది విన్నాను. ఫోను పెట్టేసి, మొహం కడుక్కుని వచ్చి వాళ్ళ మధ్య కూర్చున్నాను. ఇద్దరికీ ఇంకో రెండు కాయలు పండాలి.

"అమ్మమ్మా, నువ్వూ వెయ్యి," అంది చిన్నది.

గవ్వలు అందుకుని వేశాను.